శత్రువుకు ఇచ్చే పట్టీ, ఊరికి ఇవ్వని కాగితం

ఏటా జనవరి ఒకటో తారీఖున ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఒకేసారి ఒక పని జరుగుతుంది. మన విదేశాంగ శాఖ మన దేశంలోని అణు స్థావరాల పట్టీని పాకిస్తాన్ హైకమిషన్ చేతిలో పెడుతుంది. పాకిస్తాన్ తన పట్టీని అక్కడి మన హైకమిషన్ చేతిలో పెడుతుంది. రాజీవ్ గాంధీ, బెనజీర్ భుట్టో ప్రధానులుగా ఉన్న రోజుల్లో, 1988 డిసెంబర్ 31న కుదిరిన ఒప్పందం ఇది. ఒకరి అణు స్థావరాల మీద మరొకరు దాడి చేయకూడదన్నది దాని సారం. ఎక్కడున్నాయో తెలియకపోతే వాటిని వదిలిపెట్టేదెలా? అందుకని అక్షాంశ రేఖాంశాలతో సహా రాసిస్తారు. 1992 జనవరి 1న మొదలైన ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఒక్క ఏడూ ఆగలేదు. కార్గిల్ యుద్ధం ఆపలేదు. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగి మూడు వారాలైనా కాకముందే పట్టీలు చేతులు మారాయి. 2025 జనవరిలో ఇచ్చింది 34వది.

పట్టీలో ఏమేమి రావాలో ఒప్పందంలోనే ఉంది. అణు విద్యుత్ రియాక్టర్లు, పరిశోధన రియాక్టర్లు, ఇంధనం తయారుచేసే చోట్లు, యురేనియం ఎన్‌రిచ్‌మెంట్ కర్మాగారాలు. ఆ లెక్కన చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె దగ్గర కట్టే ఎన్‌రిచ్‌మెంట్ కర్మాగారం వివరం ఇస్లామాబాద్‌లో ఏదో ఒక బీరువాలో ఉండాల్సిందే. దాని గోడకు ఆనుకుని ఉన్న దొడ్డ ఉళ్ళార్తి పంచాయతీ బీరువాలో మాత్రం ఉండాలన్న నియమం లేదు.

నేను అణుశాస్త్రం చదివినవాణ్ణి కాను. బళ్లారిలో శెనక్కాయల దలాలిని. ఇంట్లో తెలుగు, మండీలో కన్నడం, బాకీ వసూలుకు రెండూ. 1953 అక్టోబర్ 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలోకీ, ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకీ పోయినప్పుడు మా చుట్టాలు రెండు రాష్ట్రాలవాళ్లయ్యారు గానీ వ్యాపారం ఒకటిగానే మిగిలింది. ఆ వ్యాపారం మీదే చళ్ళకెరె పోతుంటాను. నూనె మిల్లుల ఊరది. కురుబల కంబళ్లకు కూడా పేరున్న ఊరు. బళ్లారి నుంచి సుమారు వంద కిలోమీటర్లు. ఓబుళాపురం దగ్గర కాసేపు ఆంధ్రలో దూరి, మళ్లీ కర్ణాటకలో తేలి, రాంపుర, బి.జి.కెరె, తళకు దాటితే వచ్చేస్తుంది. ఆ పక్క ఊళ్లలో మ్యాస నాయకుల ఇళ్లలో ఇప్పటికీ తెలుగే. మనం మరచిపోయిన మాటలు కూడా వాళ్ల నోట బతికే ఉన్నాయి.

అక్కడి బీళ్లను కావళ్లంటారు. ఉళ్ళార్తి కావలు, ఖుదాపుర కావలు, వరవు కావలు. ఇవి మొన్నటివి కావు. మైసూరు రాజు చిక్కదేవరాజ ఒడెయరు కాలంలో బెణ్ణె చావడి అనే పశువుల శాఖ ఉండేది. టిప్పు దానికి అమృత్ మహల్ అని పేరు మార్చాడు. ఆ మందల కోసం విడిచిన గడ్డి నేలలివి. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల ఫిరంగులను లాగింది ఆ ఎద్దులే. వాటి పరుగు చూసే కదా ఇంగ్లీషువాళ్లు శ్రీరంగపట్నం పడగానే ఆ మందలను చేజిక్కించుకుంది! కాబట్టి దేశ రక్షణకూ ఈ గడ్డికీ సంబంధం కొత్తగా పుట్టిందేమీ కాదు. అప్పుడు రక్షణ కోసం గడ్డిని కాపాడారు, ఇప్పుడు రక్షణ కోసం గడ్డికి గోడ కట్టారు. అంతే తేడా.

గోడ వెనక కథ ఇది. 2007 తర్వాత నాలుగైదేళ్లలో సుమారు పదివేల ఎకరాలు వేర్వేరు సంస్థలకు రాసిచ్చేశారు. రక్షణ పరిశోధన సంస్థకు 4,290 ఎకరాలు, భాభా అణు పరిశోధన కేంద్రానికి 1,810, బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు 1,500, ఇస్రోకు 573. తెలుగువాళ్లకు ఇస్రో ముక్క గుర్తుండే ఉంటుంది: చంద్రయాన్ దిగే సాధన కోసం ఉళ్ళార్తి కావలులో చంద్రుడి మీద ఉన్నట్టు గుంతలు తవ్వారని పేపర్లలో వచ్చింది. రక్షణ సంస్థ మానవరహిత విమానాలను అక్కడే ఎగరేస్తుంది. 2019 సెప్టెంబర్‌లో ఒకటి చళ్ళకెరె తాలూకాలోనే జోడి చిక్కేనహళ్లి దగ్గర పొలాల్లో పడింది. భద్రతావాళ్లు వచ్చేలోపల ఊరి పిల్లకాయల ఫోన్లలోకి దాని రెక్కా తోకా అన్నీ ఎక్కేశాయి. రహస్యం అంత గట్టిది!

కావలు ఏ రైతు పేరునా లేదు. సర్కారు భూమి. అందుకని భూసేకరణ నోటీసు లేదు, పరిహారం లేదు, ఇస్తావా ఇవ్వవా అని అడిగే సభ లేదు. దలాలీ చేసి, లెక్కలు రాసి బతికే నాకు ఈ సంగతి బాగా తెలుసు: పట్టా ఉన్నవాడికి బేరం ఉంటుంది, మేపుకునేవాడికి ఉండదు. కంచె పడ్డాకే చాలామందికి తెలిసింది. కేసు చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌దాకా పోయింది, 2014 ఆగస్టులో తీర్పు వచ్చింది, పనులు సాగాయి. మ్యాస నాయకుల దేవర ఎద్దుల మందలు, వాటిని కాచే కిలారులు, కురుబల గొర్రెలు, కాడుగొల్లల మందలు ఇంకా దూరం నడవడం నేర్చుకున్నాయి. కరువు వచ్చిన ఏడు ఆ దేవర ఎద్దులకు గడ్డి ఎవరిస్తారా అని దాతల వైపు చూడాల్సి వస్తోంది.

ఇంత చెప్పాను కదా, నేను బాంబుకు విరోధినని అనుకోవద్దు. 1998 మేలో పోఖ్రాన్ వార్త వచ్చిన సాయంత్రం కౌల్ బజారులో టపాకాయలు కాల్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంతోషాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకోను. పక్కన ఇద్దరి దగ్గర ఉన్నప్పుడు మన దగ్గర లేకుండా ఉండటం ధర్మమే కావచ్చు గానీ, తెలివి కాదు. స్వీడన్‌లోని సిప్రీ సంస్థ అంచనా ప్రకారం 2025 మొదట్లో మన దగ్గర ఉన్నవి 180 వార్‌హెడ్లు, పాకిస్తాన్ దగ్గర 170, చైనా దగ్గర 600. ఆ పట్టీలో మన పేరు చెరిపేసి చూడండి, నిద్ర పడుతుందేమో.

కాకపోతే బాంబు ఏం చేస్తుంది, ఏం చేయదు అన్న లెక్క సరిగా వేసుకోవాలి. పోఖ్రాన్ అయిన ఏడాదికే కార్గిల్ వచ్చింది. ఐదువందల మందికి పైగా జవాన్లు పోయారు. 2020 జూన్‌లో గల్వాన్‌లో రెండు అణు దేశాల సైనికులు రాళ్లతో, మేకులు కొట్టిన కర్రలతో కొట్టుకున్నారు. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో సహా ఇరవై మందిని పోగొట్టుకున్నాం. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ నడుస్తున్నప్పుడు మా పక్కనున్న శ్రీ సత్యసాయి జిల్లా, గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడొకడు సరిహద్దు కాల్పుల్లో పోయాడు. బాంబు ఉన్నా వీళ్లు పోయారు. బాంబు చేసే పని ఒక్కటే: ఎదుటివాడి బాంబును వాడి ఇంట్లోనే ఉంచడం. అది చిన్న పని కాదు. కానీ ఆ ఒక్క పని పేరు చెప్పి ఇంకే ప్రశ్నా వేయొద్దంటేనే నాకు ఒప్పదు.

మన ప్రభుత్వం 2003 జనవరి 4న ప్రకటించిన అణు విధానం చాలా తెలివైనదని నా అభిప్రాయం. ముందుగా వాడం, మన మీద వాడితే మాత్రం తట్టుకోలేనంతగా తిరిగి కొడతాం. నిర్ణయం ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలిది, సైన్యాధికారిది కాదు. ముందుగా వాడనివాడికి మొదటి దెబ్బ తిన్నాక కూడా మిగిలి ఉండేది ఏదో ఒకటి కావాలి. అదే జలాంతర్గామి. విశాఖలో 2009 జూలై 26న నీళ్లలోకి దించిన అరిహంత్ ఆ పనికే. దాని తమ్ముడు అరిఘాత్ 2024 ఆగస్టులో విశాఖలోనే నౌకాదళంలో చేరాడు. వాటి కడుపులోని రియాక్టర్‌కు కావాల్సిన ఎన్‌రిచ్డ్ యురేనియం తయారుచేయడానికే మైసూరు పక్కన రత్నహళ్లిలో కర్మాగారం పెట్టారు. అంటే పడవ తెలుగు ఒడ్డుది, దాని బొగ్గు కన్నడ నేలది. చళ్ళకెరె ఆ రత్నహళ్లికి పెద్దన్న. అణుశక్తి కమిషన్ అధ్యక్షుడిగా ఉన్న శ్రీకుమార్ బెనర్జీ 2011లో ఒక టీవీ ముఖాముఖిలో ఈ సంగతి దాచలేదు: కొత్త కర్మాగారాన్ని అంతర్జాతీయ తనిఖీల కింద పెట్టం, దాన్ని ఒకటికి మించిన పనులకు వాడుకునే వీలు ఉంచుకుంటాం అన్నారు. ఏ పనులో అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్త కానక్కరలేదు. ఢిల్లీలో ఎవరూ మొహం తిప్పుకోలేదు కూడా.

అరిహంత్ సముద్రంలో ఎక్కడుందో నాకు తెలియకూడదు. మా ఎంపీకి తెలియకూడదు. పాకిస్తాన్‌కూ చైనాకూ అసలే తెలియకూడదు. ఆ రహస్యం మీదే మొత్తం వ్యవహారం నిలబడింది. కానీ కర్మాగారం జలాంతర్గామి కాదు. దానికి నీళ్లు లేవు దాక్కోవడానికి.

మా బళ్లారి గుడ్డ మీది కోట గురించి ఒక కథ ఉంది. హైదర్ అలీ ఒక ఫ్రెంచి ఇంజనీరుతో కోట బాగుచేయించాడట. అంతా అయ్యాక చూస్తే పక్కనున్న కుంబార గుడ్డ ఇంకా ఎత్తు. అక్కడ ఫిరంగి పెడితే కోట లోపలంతా కనబడుతుంది. హైదర్ ఆ ఇంజనీరును ఉరి తీయించాడని, తూర్పు వాకిలి దగ్గర సమాధి అతనిదేనని చెబుతారు. నిజమో అబద్ధమో గానీ బళ్లారిలో పుట్టిన ప్రతివాడూ విన్న కథ. చళ్ళకెరె గోడ చూసినప్పుడల్లా నాకు ఆ ఇంజనీరు గుర్తొస్తాడు. గొర్రెల కాపరికి ఆ గోడ ఆకాశమంత. పైన తిరిగే ఉపగ్రహానికి అది ఒక గీత. డబ్బు పెడితే ఎవరైనా కొనుక్కోగల ఫొటోల్లో ఎన్ని షెడ్లు లేచాయో, రోడ్లు ఎటు పోతున్నాయో లెక్కపెట్టుకోవచ్చు. 2015 డిసెంబర్‌లో ఒక అమెరికా పత్రిక చళ్ళకెరె మీద పేజీలకు పేజీలు రాసింది. ఇస్లామాబాద్ నుంచి వెంటనే ప్రకటన వచ్చింది. అంటే వాషింగ్టన్‌లో తెలుసు, ఇస్లామాబాద్‌లో తెలుసు, బీజింగ్‌లో తెలియకుండా ఉండే ప్రశ్నే లేదు. ఇక మిగిలింది ఎవరు? తళకు దగ్గర టీ అంగడిలో కూర్చున్నవాళ్లు.

రహస్యమే రక్షణ అనుకునేవాళ్లు ఇరాన్ వైపు ఒకసారి చూడాలి. ఫోర్డో కర్మాగారాన్ని కొండ కడుపులో కట్టుకున్నారు. 2009లో ప్రపంచానికంతా తెలిసింది. 2025 జూన్ 22న అమెరికా బాంబులు నతాంజ్, ఇస్ఫహాన్‌తో పాటు దాని మీదా పడ్డాయి. కొండ దాచలేనిది గోడ దాస్తుందా? మన విషయంలో అసలు కాపలా కాసేది ఆ జనవరి పట్టీ. సిందూర్ సమయంలో పాకిస్తాన్ కిరానా కొండల్లోని అణు నిల్వల మీద మనవాళ్లు కొట్టారని బళ్లారి అంతా ఒకటే పుకారు. ఎయిర్ మార్షల్ భారతి విలేకరుల ముందుకు వచ్చి కిరానా కొండలను మేం కొట్టలేదని చెప్పారు. నలుగురికి అది చప్పగా ఉండొచ్చు గానీ నాకు మాత్రం ధైర్యం కలిగింది. ఆ మాట ఎదుటివాడూ నిలబెట్టుకుంటే చళ్ళకెరె పదిలం.

ఈ వాదన విని ఒప్పుకోనివాడు మా ఇంట్లోనే ఉన్నాడు. నా మేనల్లుడు హైదరాబాద్‌లో రక్షణ సంస్థలకు విడిభాగాలు చేసిచ్చే ఒక చిన్న వర్క్‌షాపులో ఇంజనీరు. పండక్కి వచ్చినప్పుడు దీని మీదే రాద్ధాంతం.

"మామా, నువ్వడిగేది దేశద్రోహం కాదు గానీ దాని పక్కింట్లోనే ఉంది" అన్నాడు.

"నేనేమడిగానురా?"

"ఉపగ్రహానికి కప్పు కనబడుతుంది గానీ కప్పు కింద ఏముందో కనబడదు కదా. సెంట్రిఫ్యూజులు ఎన్ని, ఎంత శాతం దాకా శుద్ధి చేస్తున్నారు, ఏడాదికి ఎన్ని కిలోలు... ఒక్కో చిన్న వివరం బయటపెడితే చాలు, అవతలివాడు మన బాంబుల లెక్క కట్టేస్తాడు."

వాడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ లెక్కలు నాకక్కర్లేదు. ఎవరడిగినా ఇవ్వకూడదు కూడా. నేనడిగేది బావి నీళ్ల సంగతి.

యురేనియం ఎన్‌రిచ్‌మెంట్ అంటే ఏమిటో వాడే నాకు వివరంగా చెప్పాడు. నేలలో దొరికే యురేనియంలో పనికొచ్చే రకం వందకు ఒక పాలు కూడా ఉండదు, 0.7 శాతం. మిగిలినదాని నుంచి దీన్ని విడదీయాలంటే ముందు యురేనియాన్ని ఫ్లోరిన్‌తో కలిపి వాయువుగా మార్చి, విపరీతమైన వేగంతో తిరిగే గొట్టాల్లో పదేపదే తిప్పాలి. ఇక్కడ చెర్నోబిల్ లాగా పేలడం ఉండదు. ఆ భయం పెట్టేవాళ్ల మాట నమ్మొద్దు. ఉన్న ప్రమాదం వేరు. ఆ వాయువు బయటికి వచ్చి గాలిలోని తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. చర్మాన్నీ ఊపిరితిత్తులనూ తినేసే ఆమ్లమది. 1986 జనవరి 4న అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం గోర్ అనే ఊళ్లో ఈ వాయువు నింపిన సిలిండర్ పగిలి ఒక కార్మికుడు చనిపోయాడు, చుట్టుపక్కలవాళ్లు ఆసుపత్రుల పాలయ్యారు. అలా కాలినవాళ్లకు కావాల్సిన మందు క్యాల్షియం గ్లూకోనేట్. పెద్ద ఖరీదు మందు కాదు, అరుదైనదీ కాదు. చళ్ళకెరె తాలూకా ఆసుపత్రి డాక్టరుకు తన పక్క ఊళ్లో ఏ వాయువు ఉంటుందో అధికారికంగా ఒక కాగితం రాసిస్తే పాకిస్తాన్‌కు కలిసొచ్చేదేమిటి? ఏ కర్మాగారంలో ఏ వాయువు తిరుగుతుందో లాహోర్‌లో బీఎస్సీ చదివే పిల్లవాడు కూడా చెప్తాడు.

నీళ్ల సంగతి ఇంకా చిక్కుది. చిత్రదుర్గ, బళ్లారి, అనంతపురం బోర్లలో ఫ్లోరైడ్ తాతల కాలం నుంచీ ఉంది. పళ్లు గారపట్టినవాళ్లు, నడుం వంగినవాళ్లు ప్రతి ఊళ్లో కనబడతారు. తూర్పు కర్ణాటక బోర్లలో యురేనియం కూడా సహజంగానే ఉందని పరిశోధకులు చూపించారు. రాతి నేల గుణమది. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన అణు నియంత్రణ మండలి 60 దాకా పర్వాలేదంటుంది. ఇప్పుడు ఆలోచించండి. ముందుగానే ఫ్లోరైడ్, యురేనియం ఉన్న నేల మీద ఫ్లోరైడ్‌తో, యురేనియంతో పనిచేసే కర్మాగారం వస్తోంది. ఇరవై ఏళ్ల తర్వాత ఒక ఊళ్లో జబ్బులు పెరిగితే, అది రాతిదా గోడ వెనకదా అని తేల్చేదెవరు? ఈ రోజే ప్రతి ఊరి బోరు నీళ్లు పరీక్షించి అంకెలు గోడకు అంటిస్తే తేల్చొచ్చు. లేకపోతే ఎప్పటికీ తేలదు. కర్మాగారం ఏ తప్పూ చేయకపోయినా నింద పడుతుంది, తప్పు చేసినా తప్పించుకుంటుంది. తూకం వేయకముందే బస్తా విప్పితే మండీలో ఏమవుతుందో నాకు తెలుసు. ఆ తగాదా ఇక తెగదు.

తుమ్మలపల్లె కళ్లముందే ఉంది. కడప జిల్లా వేముల మండలంలో 2012 నుంచి యురేనియం తవ్వుతున్నారు, పక్కనే శుద్ధి చేసి హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు పంపుతున్నారు. వ్యర్థాల చెరువు వైపు ఉన్న ఊళ్ల రైతులు బోరు నీళ్లు చెడ్డాయి, అరటి తోటలు పాడయ్యాయి అంటారు. మా వల్ల కాదంటుంది సంస్థ. కమిటీలు వచ్చాయి, నమూనాలు పట్టుకెళ్లాయి, వాదన మాత్రం మొదలైన చోటే ఉంది. తవ్వకానికి ముందు ఆ నీళ్లు ఎలా ఉండేవో ఇరుపక్షాలూ నమ్మే అంకె ఒకటి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని నాకనిపిస్తుంది.

అయినా తుమ్మలపల్లెకు ఒక సౌకర్యం ఉంది. దాని మీద అణుశక్తి నియంత్రణ మండలి అనే బయటి కన్ను ఉంది, ఆ కన్ను ఎంత చూస్తుందన్నది వేరే సంగతి. చళ్ళకెరెకు అదీ లేదు. భాభా కేంద్రం నడిపే స్థావరాలను 2000లో ఆ మండలి పరిధి నుంచి తప్పించారు. వాటి భద్రత చూసేది భాభా కేంద్రంలోనే ఉన్న కమిటీ. తూకంరాయి తనిఖీ చేసేది కూడా అంగడివాడే అయితే, అతను ఎంత నిజాయితీపరుడైనా కొనేవాడికి నమ్మకం కుదరదు. రహస్యం పోతుందని భయమైతే ప్రమాణం చేయించి, భద్రతా పరీక్షలన్నీ పెట్టి, బయటి నిపుణులు నలుగురిని లోపలికి పంపండి. అమెరికాలో అణ్వాయుధ కర్మాగారాల మీద అక్కడి చట్టసభ ఏర్పాటుచేసిన ప్రత్యేక భద్రతా మండలి 1980ల చివరి నుంచి ఉంది. వాళ్ల బాంబుల రహస్యాలేవీ దానివల్ల వీధిన పడలేదు.

జనానికి చెబితే గోల చేస్తారు, అన్నది మేనల్లుడి ఆఖరి బాణం. వాడు కప్పట్రాళ్లను మనసులో పెట్టుకుని అన్నాడు. 2024 నవంబర్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 చోట్ల బోర్లు వేయడానికి కేంద్రం అనుమతి ఇచ్చిందని తెలిసి ఊళ్లు రోడ్డెక్కాయి. ఒకప్పుడు ఫ్యాక్షన్‌కు పేరుపడ్డ ఊరది, పాత పగలు పక్కన పెట్టి అందరూ ఒక్కటయ్యారు. ఆలూరు నుంచి మా చుట్టాలు ఫోన్ చేసి చెబుతుంటే నమ్మలేకపోయాను. గ్రామసభలు వద్దని తీర్మానించాయి, ముఖ్యమంత్రి ఆపేస్తున్నామని ప్రకటించారు. "చూశావా, చెబితే ఇంతే" అన్నాడు వాడు.

నేను దాన్ని ఇంకోలా చదువుతాను. అక్కడ ఎవరూ వచ్చి చెప్పలేదు. బోర్ల వార్త జనం చెవిన పడేసరికి కాగితాలన్నీ అయిపోయి ఉన్నాయి. అప్పటికి తుమ్మలపల్లె అరటి తోటల కథలు నలభై రకాలుగా ఊళ్లకు చేరాయి. చెప్పాల్సినవాడు చెప్పకపోతే ఆ చోటులోకి వాట్సాప్ వస్తుంది. కప్పట్రాళ్లవాళ్లు యురేనియానికి భయపడ్డారని అందరూ రాశారు. వాళ్లతో మాట్లాడితే తెలుస్తుంది, వాళ్ల భయం చెప్పకుండా వచ్చే లారీలంటే. పైగా, చళ్ళకెరెవాళ్లు గోల చేసినా ఇప్పుడు ఆపే పని ఏమీ లేదు. గోడలు లేచాయి, షెడ్లు లేచాయి. వాళ్లిప్పుడు వద్దు అనడం లేదు. ఏమొచ్చిందో చెప్పమంటున్నారు. ఈ రెంటికీ చాలా దూరముంది.

కైగా అణు విద్యుత్ కేంద్రం మా కర్ణాటకలోనే ఉంది. దాని చుట్టూ 16 కిలోమీటర్ల దాకా ప్రమాద ప్రణాళిక ఉంటుంది, ఏం జరిగితే ఎటు పోవాలో అప్పుడప్పుడూ జనంతో కసరత్తు చేయిస్తారు. కాబట్టి చెప్పడం మనకు చేతకాని పని కాదు. కరెంటు చేసేచోట చెప్పగలిగింది, ఇంకో అవసరానికి శుద్ధి చేసేచోట ఎందుకు చెప్పలేం? సైరన్ మోగితే గాలివాటుకు అడ్డంగా పరుగెత్తాలా, తలుపులు వేసుకుని లోపల ఉండాలా అన్నది ఖుదాపుర బడిపిల్లలకు తెలిస్తే మన అణు నిరోధక శక్తి ఏ మాత్రం తగ్గదు.

మొన్న శెనక్కాయల లోడు ఎత్తించి వస్తూ తళకు దగ్గర ఒక కిలారి పెద్దాయనతో మాట్లాడాను. మ్యాస నాయకుడు, పాత తెలుగు. ఎద్దులను రోడ్డు దాటిస్తున్నాడు.

"లోపల ఏం చేస్తా ఉండారు సామీ?" అనడిగాడు.

దేశానికి కావాల్సింది చేస్తున్నారన్నాను.

"చేయనీ. మా వంశంలో దండుకు ఎద్దులిచ్చినోళ్లం. వద్దంటామా? ఆ కాల్వలో వచ్చే నీళ్లు మా ఎద్దులు తాగొచ్చునా కూడదా, అది కనుక్కోని చెప్పు చాలు."

ఎవరిని కనుక్కోవాలో తెలియక జిల్లా కలెక్టరుకూ కాలుష్య నియంత్రణ మండలికీ రెండు దరఖాస్తులు కన్నడంలో రాయించి పెట్టాను. సెంట్రిఫ్యూజుల ఊసు వాటిలో లేదు. ఉళ్ళార్తి, ఖుదాపుర, వరవు చుట్టుపక్కల బోర్లలో, వాగుల్లో ఫ్లోరైడ్ ఎంత, యురేనియం ఎంత, ఏ నెలలో తీసిన నమూనా, ఏ విశ్వవిద్యాలయం పరీక్షించింది అని మాత్రమే ఉంది. దేశ భద్రత కారణంగా ఇవ్వలేమని జవాబు వస్తే, బావి నీళ్లలో ఉన్నది ఏ భద్రతో వివరించమని మూడో దరఖాస్తు కూడా మేనల్లుడి చేతే టైపు చేయిస్తాను. వాడు సణుగుతాడు గానీ చేస్తాడు.